ఆటోనగర్ గేటు దగ్గర దిగిన కుటుంబము



ఒక పల్లెటూరి కుటుంబము మొట్టమొదటిసారి ఒక పెద్ద నగరమును చూడబోవుట యనునది మన కథలయందును, సినిమాలయందును ఎన్నియో పర్యాయములు వర్ణింపబడిన విషయము. ఆ వర్ణనలలో నగరము సాధారణముగా రైల్వేస్టేషనుతో మొదలగును. జనసమ్మర్దము, దీపముల వరుసలు, ఎత్తైన మేడలు, దారి తప్పిన పిల్లవాడు, జేబు పోగొట్టుకొన్న తండ్రి, ఇవన్నియు ఒకదాని వెంట ఒకటి వచ్చును. నేను ఈనాడు చెప్పదలచినది అట్టి కథ కాదు. దివిసీమనుండియు, పామర్రు, ఉయ్యూరు ప్రాంతములనుండియు బందరు రోడ్డుమీదుగా విజయవాడకు వచ్చువారికి నగరము రైల్వేస్టేషనువద్ద మొదలుకాదు. కనకదుర్గమ్మ కొండవద్దనైనను మొదలుకాదు. కానూరు కామయ్యతోపు దాటి, పటమట ఇంకను రాకమునుపే, బస్సు కండక్టరు "ఆటోనగర్ గేట్, దిగేవాళ్లు ముందుకు రండి" అని కేకవేసిన చోట మొదలగును. మా కుటుంబమునకు నగరము అచ్చటనే మొదలైనది. అది 1974వ సంవత్సరము, మే నెల చివరి వారము. రోహిణి ఎండలకు రోళ్లు పగులునని పెద్దలు చెప్పుదురే, అట్టి దినములు.

మేము ఆరుగురము: నాయనమ్మ, నాన్న, అమ్మ, అక్క, నేను, చంకబిడ్డయైన చెల్లెలు. మా ఊరు నాగాయలంకకు దిగువను, రాత్రి సద్దుమణిగిన తరువాత సముద్రపు హోరు వినవచ్చునంత దూరమున ఉన్న పల్లె. నాన్న కోర్టు పనిమీద బందరువరకు రెండుమార్లు పోయియుండెను. అమ్మ చల్లపల్లి దాటి ఎరుగదు. నగరమును చూడవలెనను కోరికతో మేము బయలుదేరలేదు. కేవలము చూచుటకై ఊరు కదలుట ఆనాటి పల్లెలలో లేనే లేదు. పనియైనను ఉండవలెను, మ్రొక్కైనను ఉండవలెను. మాకు రెండును ఉండెను. మా ఊరి రైతులు నలుగురు కలిసి ఒక ట్రాక్టరు కొనిరి. దానికి ట్రక్కు కట్టించు బాధ్యత నాన్నపై పడినది, ఏలయన అమ్మ తమ్ముడు, అనగా మా మావయ్య, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టు షెడ్డులో వడ్రంగి. మ్రొక్కు అమ్మది. చెల్లెలి పుట్టువెండ్రుకలు దుర్గమ్మకు ఇచ్చెదనని ఆమె కాన్పు కష్టమైన రాత్రి మ్రొక్కుకొనియుండెను.

తెల్లవారుజాము బస్సు. వాసెన కట్టిన ఆవకాయ జాడీ అమ్మ ఒడిలో ఉండెను. దానిని ఆమె విజయవాడ వరకు క్రింద పెట్టలేదు. తాటిముంజల బుట్ట అక్క కాళ్లవద్ద, దంపుడు బియ్యపు మూట బస్సు టాపుపైన. పులిగడ్డ అక్విడక్టు దాటునప్పుడు నాన్న కిటికీనుండి నదిని చూపి, "ఏటి మీదుగా కాలువ పోతోంది చూడండి, ఈ నీళ్లే మన చేలోకి వచ్చేది" అని, మేము నూరుమార్లు విన్న మాటనే నూటొకటవమారు చెప్పెను. మోపిదేవిలో బస్సులోనివారందరు లేచి సుబ్రహ్మణ్యస్వామికి చేతులు జోడించిరి. చల్లపల్లి వచ్చినది, పోయినది. కూచిపూడివద్ద బస్సు కొంతసేపు ఆగినప్పుడు నాయనమ్మ కన్నులు తెరచి, "జెండా వెంకయ్యగారి ఊరు ఇటువైపే" అనెను. పింగళి వెంకయ్యగారి జన్మస్థలమైన భట్లపెనుమర్రు ఆ చేరువనే కలదు.

నాయనమ్మ ఆ పేరు తలచుటకు కారణము కలదు. మాలో బెజవాడ చూచినది ఆమె ఒక్కతెయే. ఆమె పుట్టినిల్లు బందరు కాలువ గట్టుమీది పల్లె. 1921వ సంవత్సరము మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు, గాంధీ మహాత్ముని దర్శించుటకై డెల్టా పల్లెలు కుటుంబములకు కుటుంబములుగా కదలినవి. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటిమంది సభ్యులు, దేశమునకు 20 లక్షల రాట్నములు అను తీర్మానము ఆ సమావేశముననే జరిగినది. వెంకయ్యగారు జెండా నమూనాను మహాత్మునికి సమర్పించినదియు అప్పుడే. చరిత్ర ఆ విధముగా చెప్పును. ఎనిమిదేండ్ల పిల్లయైన మా నాయనమ్మకు మిగిలిన జ్ఞాపకములు వేరు: కాలువ పడవ, గట్టువెంట తాడు లాగుచు నడచిన కళాసులు, పడవలోనే వండిన పప్పు, అన్నము, తండ్రి భుజములపైనుండి చూచిన తలల సముద్రము, దానికావల చాల దూరమున ఒక తెల్లని చుక్కవలె కనబడిన గాంధీగారు. తిరుగుప్రయాణమున తల్లి ఒడిలో పండుకొని చూడగా ఆ తల్లి చేతులకు బంగారు మురుగులు లేవు. నిధికి ఇచ్చివేసినదట. ఆ బోసిచేతులను చెప్పునప్పుడు నాయనమ్మ తన చేతులను చాచి చూపెడిది. 53 సంవత్సరముల తరువాత ఆమె మరల ఆ ఊరికి పోవుచున్నది. ఎవరెంత చెప్పినను ఆమె నోట విజయవాడ అను మాట రాలేదు.

ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టము, కంకిపాడు, పెనమలూరు. పోరంకి దాటిన తరువాత గాలి మారెను. అంతవరకు ఎండిన వరిదుబ్బుల వాసన, చెరువు నాచు వాసన వచ్చుచుండగా, అటుపై కాలిన ఇనుము, డీజిలు, పచ్చిరంగు, తడిసిన రంపపుపొట్టు కలగలసిన ఒక వాసన వీచెను. ఆ వాసన వెనుకనే శబ్దము వచ్చినది. అది ఒక సుత్తి శబ్దము కాదు. వేయి సుత్తులు, ఏ ఒక్కటియు మరియొకదానితో తాళము కలపక, ఏ ఒక్కటియు ఆగక, ఒక పెద్దవాన రేకుల కప్పుపై కురియునట్లు మ్రోగుచుండెను.

దిగినతోడనే మేము చూచిన మొదటి నగరదృశ్యము తల లేని లారీ. క్యాబిను లేదు, తలుపులు లేవు, వెనుక తొట్టి లేదు. రెండు పొడుగాటి ఇనుపదూలములు, వానిపై ఒక ఇంజను, ఆరు చక్రములు, ఒక స్టీరింగు. ముఖమునకు తువ్వాలు చుట్టి, నల్లకళ్లద్దములు పెట్టుకొన్న మనుష్యుడొకడు చెక్కపెట్టెపై కూర్చుండి దానిని నడుపుకొనుచు మా ముందునుండి గేటులోనికి మలుపు తిప్పెను. దాని వెనుక మరియొకటి, దాని వెనుక మూడవది. నేను భయపడి అమ్మ చీరె పట్టుకొంటిని. అమ్మ నాన్న భుజముపైని కండువా పట్టుకొనెను.

చెవిపై పెన్సిలు, జుట్టునిండ పొట్టు, మోకాళ్లవరకు ఖాకీ నిక్కరుతో మావయ్య పరుగున వచ్చెను. "రండి బావగారూ, రండి అత్తయ్యగారూ, ఎండలో ఎంత కష్టపడ్డారో" అనుచు మూట అందుకొనెను. నాయనమ్మ చుట్టును చూచి, "ఇదేనటయ్యా బెజవాడ?" అని అడిగెను. మావయ్య క్షణమాలోచించి, "ఇది ఆటోనగర్ అత్తయ్యగారూ. బెజవాడ ఇంకా ముందుంది. కానీ బెజవాడ కదిలేది దీనితోనే" అనెను. షెడ్డు ముందర వేపచెట్టుక్రింద పైమూత కోసిన డీజిలు పీపా నిండ నీళ్లు ఉండెను. చెంబుతో ముంచి, తానే వంగి నాయనమ్మ కాళ్లపై పోసెను. నగరమున మాకు దొరికిన మొదటి మర్యాద అది.

ఈ ఆటోనగర్ ఎట్లు వెలసినదో కొంత చెప్పవలెను. కలకత్తానుండి మద్రాసునకు పోవు రహదారియు, హైదరాబాదునుండి బందరునకు పోవు రహదారియు విజయవాడలో కలిసికొనును. కృష్ణపై రైలువంతెన 1893లోనే ఇచ్చట వెలసినది. నాలుగు దిక్కుల రైళ్లకు ఇది కూడలి. డెల్టా ధాన్యము, గుంటూరు మిరప, పొగాకు, నూజివీడు మామిడి, ఇవన్నియు ఈ కూడలిమీదుగానే దేశమునకు పోవలెను. లారీలు పెరిగిన కొలది లారీలను బాగుచేయు చేతులును పెరిగినవి. ఆ షెడ్లు తొలుత ఊరినడుమ రోడ్లవెంబడి, చెట్లక్రింద, ఎక్కడ జాగా దొరికిన అక్కడ ఉండెడివి. 1960ల దశాబ్దమున వానిని ఊరివెలుపల ఒక్కచోట చేర్చి, నెహ్రూగారి పేర జవహర్ ఆటోనగర్ అని పిలిచిరి. తరువాతి కాలమున గుంటూరునకు, విశాఖపట్టణమునకు, హైదరాబాదునకు కూడ ఆటోనగర్లు వచ్చినవి. తెలుగుదేశమున ఈనాడు ఆటోనగర్ అన్నచో అది ఒక ఊరి పేరు కాదు, ఒక వృత్తికి పేరు.

లోపల వీధులకు వీధులే ఒక్కొక్క విద్యకు నిలయములు. ఒక వరుసలో లేతు మిషన్లు. ఇనుము చుట్టలుచుట్టలుగా, నీలిరంగు తిరిగి, రాలుచుండును. ఒక వరుసలో కమాను కట్టలు కొలిమిలో కాల్చి వంపు తిరుగగొట్టువారు. ఇంజను బోరు కొట్టువారొకచోట, డీజిలు పంపులు విప్పి తెల్లని గుడ్డపై ముక్కముక్కగా పరచుకొని కూర్చున్నవారు మరియొకచోట. రేడియేటర్లకు టంకము పెట్టువారు, సీట్లు కుట్టువారు, వైరింగు చేయువారు, సొట్టలు తీయు టింకరులు, పాత లారీలను విప్పి నట్టునుండి ఇరుసువరకు వేరుచేసి అమ్మువారు. ఇచ్చట దొరకని స్పేరుపార్టు లేదని అందురు. దొరకనిది ఉన్నయెడల, దానిని చూచి చేసియిచ్చు చేయి ఒకటి ఏదో షెడ్డులో ఉండును.

మావయ్య పనిచేయు షెడ్డులో ఒక లారీకి తల మొలచుట నేను నాలుగు దినములు చూచితిని. నా కన్నులకు నగరమన్న ఆ దృశ్యమే. ముందుగా ఛాసీపై మందమైన చెక్కపట్టీలు, వానిపై అడ్డదూలములు పరతురు. వానిని ఛాసీకి మేకులతో బిగింపరు. ఛాసీకి రంధ్రము పొడుచుట మహాపరాధము. "బెజ్జం పెట్టామంటే అక్కడే పగులు పుడుతుంది, బండి ఆయుష్షు తగ్గుతుంది" అని మావయ్య చెప్పెను. దూలమును, ఛాసీని కలిపి యూ ఆకారపు బోల్టులతో కౌగిలించినట్లు కట్టుదురు. ఆపై పలకల నేల, ప్రక్కలకు నిలువు కమ్ములు, వానికి చెక్కతలుపులు. క్యాబిను మాత్రము వడ్రంగి సొంతవిద్య. కాగితముపై బొమ్మ ఉండదు. కొలతలన్నియు మావయ్య తలలో, ఒక వెదురుబద్దపై గీచిన గీతలలో ఉండెడివి. ఎదుటి అద్దమునకు చట్రము, దానిపై నుదురువలె ముందుకు వంగిన పలక, వెనుకవైపు డ్రైవరు నడుము వాల్చుటకు బల్ల. పలకకు పలక అతుకుచోట వేలితో రాచి చూచి, కన్ను మూసి, మరల చిత్రిక పట్టెడివాడు. "రాత్రంతా కళ్లు మూయకుండా కటక్ దాకా పోయేవాడు ఇందులో కూర్చుంటాడు. వాడి వీపుకు ముల్లు గుచ్చుకోకూడదు" అనెడివాడు. ఆ డ్రైవరు ఎవరో మావయ్యకు తెలియదు, ఎన్నడును చూడబోడు. అయినను వాని వీపును గూర్చి అంత తలపోయుట నాకు ఆ వయస్సున ఆశ్చర్యము కలిగించెను. ఈ వయస్సునను అంతే కలిగించుచున్నది.

ఆ షెడ్డులో నా ఈడు కుర్రవాడు ఒకడు ఉండెను. గుడ్లవల్లేరు వైపువాడు; నాకు పదునొకండేండ్లు, వానికి పదునొకటో పండ్రెండో. పానాలందించుట, టీలు తెచ్చుట, లారీక్రింద దూరి దీపము పట్టుకొనుట వాని పని. వెల్డింగు వెలుగును రెప్పవేయక చూచుచున్న నన్ను ప్రక్కకు లాగి, "చూడకు, రాత్రికి కళ్లల్లో ఇసక పోసినట్టుంటది" అని చెప్పినవాడు వాడే. వాని కన్నులు అప్పటికే ఎర్రగా ఉండెను. మధ్యాహ్నము అమ్మ ముంజల బుట్ట విప్పి అందరికి పంచుచు వానిని పిలిచి, "మీ అమ్మ ఎక్కడుంటుంది బాబూ?" అని అడిగెను. "ఊళ్లోనండి. సంక్రాంతికి వెళ్తానండి" అని వాడు చేతులు చూచుకొని వెనుకకు జరిగెను. మోచేతులవరకు గ్రీజు. పరుగున పోయి గుడ్డపీలికతో కిరసనాయిలు రుద్దుకొని, గుప్పెడు రంపపుపొట్టు తీసికొని అరచేతులు నలిపి, సబ్బు పెట్టి కడిగికొని వచ్చి చాచెను. తోలు తెల్లబడినది కాని, అరచేతి రేఖలలోని నలుపు పోలేదు; హస్తరేఖలన్నియు సిరాతో గీచినట్లుండెను. అమ్మ ఆ చేతిని కొంతసేపు పట్టుకొని చూచి, ముంజ ఒలిచి తానే వాని నోట పెట్టెను. బడికి పోవలసిన చేతులవి. ఆటోనగర్ గొప్పతనమును చెప్పువారు ఆ చేతులను కూడ చెప్పవలెనని నా నమ్మకము.

రాత్రులు పటమటలో మావయ్య అద్దెకుండిన పెంకుటింటి వాటాలో గడిపితిమి. ఒక గది, ఒక వసారా, తొమ్మిదిమందిమి. వీధి కుళాయికి నీళ్లు వచ్చువేళకు బిందెల వరుస అప్పటికే సందు చివరికి చేరియుండెడిది. అత్తయ్య చీకటితోనే లేచి బిందెను నిలబెట్టి వచ్చి, అప్పుడు పొయ్యి వెలిగించెడిది. చెరువులోనికి దిగి కడవ ముంచుకొను అమ్మకు, నీటికై నిలబడుట వింతయైనది. మూడవ దినమున ఆమెయే పోయి నిలబడి, తిరిగివచ్చునప్పటికి ఆ సందులోని స్త్రీలందరి పుట్టిళ్లు తెలిసికొని వచ్చెను. ఒకతె మొవ్వ, ఒకతె కైకలూరు, ఒకతె మా కోడూరు. పటమట సందులో సగము డెల్టా పల్లెలే ఉన్నవని అమ్మ ఎంతో తృప్తితో చెప్పెను.

రెండవ దినమున దుర్గమ్మ దర్శనము. ఇంద్రకీలాద్రి మెట్లపై కాళ్లు కాలుచుండగా ఎక్కితిమి; చెల్లెలి పుట్టువెండ్రుకలు ఇచ్చితిమి; కొండపైనుండి కృష్ణను చూచితిమి. అర్జునుడు పాశుపతమునకై తపస్సు చేసిన కొండ ఇదియేనని నాన్న చెప్పగా అక్క, "ఇంత ఎండలోనా?" అని అడిగెను. అందుకు ఎవ్వరును సమాధానము చెప్పలేదు.

అచ్చటినుండి ప్రకాశం బ్యారేజికి పోయితిమి. నాన్నకు నిజమైన తీర్థము అదియే. 1852లో మొదలిడి 1855లో ముగించిన పాత ఆనకట్ట దాదాపు నూరేండ్లు డెల్టాకు అన్నము పెట్టి 1952లో గండిపడగా, దానికి ఎగువను ఈ బ్యారేజిని కట్టిరి. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారు 1957 మే నెలలో కన్నుమూయగా, ఆయన పేరిటి బ్యారేజి ఆ డిసెంబరులోనే ప్రారంభమైనది. 70 తలుపులు, 13 లక్షలకు పైబడిన ఎకరముల ఆయకట్టు. ఈ లెక్కలు నాన్నకు కంఠస్థము. కాని మేము పోయినప్పుడు వేసవి, కాలువలు కట్టివేసిన కాలము. ఎగువను నీరు నిండుగా నిలిచియున్నది. కాలువల అడుగున బురద పగుళ్లు తేలి, పిల్లలు గోళీలాడుచున్నారు. నాన్న రెంటిని మార్చిమార్చి చూచెను. మాది శివారు ఆయకట్టు. ఇచ్చట తలుపులెత్తిన తరువాత ఎన్ని దినములకు, ఎన్ని ఊళ్ల దాహము తీరిన పిదప, మా తూమువద్దకు తడి వచ్చునో ఆయనకు తెలియును. ఆ దూరమును ఆయన అంతవరకు దినములలోనే లెక్కించియుండెను. ముందటి దినమున బస్సులో కూర్చుండి మైళ్లలో చూచెను. చాలసేపు కమ్మి పట్టుకొని నిలబడెను. "ఇంతదూరం నుంచి రావాలి, పాపం" అని మాత్రమనెను. అలసిన బంధువును గూర్చి అనునట్లు నీటిని గూర్చి అనెను.

నాయనమ్మ వెదకుచుండినది తన బెజవాడను. బందరు రోడ్డుపై విక్టోరియా జూబిలీ మ్యూజియము ముందర రిక్షా ఆపించితిమి. 1921 నాటి కాంగ్రెసు సమావేశము జరిగినది ఈ ప్రాంగణముననే యని మావయ్య చెప్పగా, ఆమె దిగి గేటువద్ద నిలిచి లోనికి చూచెను. "ఇది కాదు. జనం ఉండాలి" అనెను. తరువాత గాంధీకొండను చూపితిమి. కొండపైని 52 అడుగుల గాంధీస్తూపమును 1968 అక్టోబరులో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్‌గారు ఆవిష్కరించిరి. ఎక్కెదవా యని నాన్న అడుగగా, ఎక్కలేనని తల ఆడించి, ఎండకు చేయి అడ్డుపెట్టుకొని క్రిందినుండియే చూచెను. తెల్లని చుక్క అప్పుడును చాల దూరముననే ఉండెను. ఆమె రెండు చేతులెత్తి మ్రొక్కి రిక్షా ఎక్కెను.

సినిమా సంగతి అక్క కొరకు చెప్పుచున్నాను, చెప్పనిచో ఆమె ఊరుకొనదు. తెలుగున తొలి సినిమాస్కోపు చిత్రమైన "అల్లూరి సీతారామరాజు" ఆ మే నెల మొదటి తేదీననే విడుదలైయుండెను. చూచితిమి. ఇంటికి వచ్చిన తరువాత కూడ అక్క రెండు దినములు ఎవ్వరితోను మాటాడలేదు.

పున్నమ్మతోటలోని ఆకాశవాణి భవనము ముందునుండియు మా రిక్షా పోయినది. 1948 డిసెంబరు 1వ తేదీనుండి ఈ కేంద్రము పలుకుచున్నది. మా ఊరి పంచాయతీ రేడియోలోని కంఠములన్నియు ఈ ఇంటిలోనివని మావయ్య చెప్పగా, ఎవరైనను కిటికీలో కనబడుదురేమోనని మెడ త్రిప్పి చూచుచునే పోయితిని.

నాలుగవ దినమున ట్రక్కు పూర్తియైనది. పాత లారీ ఇరుసు, ఇనుప చానెళ్ల చట్రము, చెక్కపలకల నేల. పెయింటరు పసుపురంగుపై సుద్దదారము కొట్టి సమముగా గీత పెట్టుకొని, కుంచె ముంచి, "ఏం పేరు రాయమంటారు?" అని అడిగెను. నలుగురు రైతుల సొత్తుకు ఎవరి పేరు పెట్టవలెను? నాన్న ఇబ్బందిపడి నాయనమ్మ వైపు చూచెను. "ఊరి పేరు రాయించు" అని ఆమె తేల్చివేసెను. మా ఊరి పేరు అంత పెద్ద అక్షరములతో, అంత నీలముగా, నల్లని నీడ గీతతో, ఎక్కడను వ్రాయబడియుండగా నేను అంతకుముందు చూడలేదు. బడి గోడమీదకూడ అది సగము చెరిగియుండెడిది. ఊరినుండి వచ్చిన ట్రాక్టరును దానికి తగిలించి, గడ్డి పరచి, జంపఖానా వేసి, చల్లపడిన తరువాత అందరమును అందులోనే ఎక్కితిమి. గేటువద్ద మావయ్య నడుముకు చేతులు పెట్టుకొని, చక్రములను, కీలములను, పలకలను చూచుచు నిలబడెను. నాయనమ్మ, "మా ఊరు ఎప్పుడొస్తావు నాయనా?" అని అడిగెను. "సంక్రాంతికి తప్పకుండా వస్తానత్తయ్యగారూ" అనెను. ఆకాశమునిండ చుక్కలు, ట్రక్కు పలకలలోనుండి పచ్చి చెక్కవాసన మమ్ములను ఇంటివరకు సాగనంపెను.

మావయ్య ఆ సంక్రాంతికి రాలేదు. మరుసటి రెండు సంక్రాంతులకును రాలేదు. లారీలు వరుసగా వచ్చుచుండెను. ఛాసీని నిలబెట్టి ఊరికి పోవుటకు వీలులేదని ఉత్తరములు వ్రాసెడివాడు. ఆ తీరిక ఆ వడ్రంగుల చేతులకు నేడు కావలసినదానికంటె ఎక్కువ దొరుకుచున్నది, ఏలయన ఇప్పుడు క్యాబిన్లు పెక్కు కంపెనీలనుండియే రేకుతో సిద్ధమై వచ్చుచున్నవి. డ్రైవరుకు అందులో సుఖము హెచ్చినది, సందేహము లేదు. కాని వెదురుబద్దమీద గీతలలో దాగిన ఆ విద్యను ఎవ్వరును పుస్తకమున వ్రాయలేదు. వారి కొడుకులలో కొందరు వెల్డర్లైరి, కొందరు ఇండ్ల తలుపులు చేయుచున్నారు.

1977 నవంబరు 19, శనివారము. దివిసీమపై సముద్రము వచ్చిపడినది. పదివేలకు పైగా ప్రాణములు పోయిన ఆ ఉప్పెనను నేను మరల వర్ణింపను. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, ఆ ఊళ్ల పేర్లు చెప్పినచో చాలును. మా ఊరు కొంచెము మెరకపై ఉన్నందున మనుష్యులలో పెక్కుమందిమి మిగిలితిమి. ఇండ్లు మిగులలేదు. పంట మిగులలేదు. అన్నింటికంటె ముందు నీరు మిగులలేదు: చెరువులు, నూతులు ఉప్పుకషాయమైనవి, వానిలో పశువుల కళేబరములు తేలుచుండెను. కొబ్బరికాయలు దొరికినంతవరకు కొబ్బరినీళ్లతో పిల్లల గొంతులు తడిపితిమి. ట్రక్కు ఒక తుమ్మచెట్టుకు ఒరిగి, ఒక ప్రక్క భూమిలో దిగబడి, ఊరి పేరు మాత్రము పైకి కనబడుచు నిలిచియుండెను.

ఐదవ దినము సాయంకాలము రోడ్డువైపునుండి రంపపు చప్పుడు వినబడెను. కూలిన చెట్లు దారికి అడ్డముగా పడియుండగా, వానిని కోసి, త్రోసి, మరల కొంతదూరము వచ్చి మరల కోసి, ఒక లారీ మా ఊరివైపునకు వచ్చుచుండెను. దానికి క్యాబిను చట్రము మాత్రమున్నది, తలుపులు ఇంకను పెట్టలేదు; కట్టుచున్న బండిని కట్టుచున్నట్లే తీసికొని బయలుదేరిరి. వెనుక బియ్యపు బస్తాలు, దుప్పట్లు, ఏడు డీజిలు పీపాలు. పీపాలనిండ నీళ్లు. మావయ్య చేతిలో రంపముతో దిగి, మమ్ములను ఒక్కొక్కరిని లెక్కపెట్టుకొనెను.

నాయనమ్మ అలవాటుగా, కాళ్లకు నీళ్లిచ్చుటకై, బురదలో దొరికిన చెంబు తీసికొని లేచి నిలిచెను. లేచిన తరువాత జ్ఞాపకము వచ్చినది. ఇల్లు లేని గుమ్మమువద్ద ఖాళీ చెంబుతో అట్లే నిలబడిపోయెను. మావయ్య ఆ చెంబును ఆమె చేతినుండి తీసికొని, పీపా మూత విప్పి, నింపి, మరల ఆమె చేతిలో పెట్టెను. ఎంత కడిగినను పోని డీజిలు వాసన కొంచెము ఆ కృష్ణనీటిలో ఉండెను.

ఆమె త్రాగలేదు. లారీ వెనుక చక్రమునకు వీపు ఆనించి, రెండు రాత్రులు రంపము లాగిన ఆయాసముతో ఒక యువకుడు కూర్చుండి కన్నులు మూసికొనియుండెను. మీసము వచ్చీరాని ముఖము. అమ్మ వానిని ముఖమును బట్టి గుర్తింపలేదు. నీళ్లన్న మాట విని వాడు కన్నులు తెరచి, రెండు చేతులు చేర్చి ముందుకు చాచినప్పుడు గుర్తించెను. అరచేతులలోని నల్లని గీతలు అట్లే ఉన్నవి. అమ్మ ఆ చేతులను తన చేతులతో క్రిందినుండి పట్టుకొనగా, నాయనమ్మ వాని దోసిట నీళ్లు పోసెను.